పెరుమాళ్ళ గింజ

పెళ్లయిన తొమ్మిదో వారంలో మా మామగారు నా చేతికి ఒక గెలాక్సీ ఇచ్చారు. ఆకాశాన్ని ఫోటో తీసిన రెండు అద్దపు పలకలు. వాటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆకాశం తెల్లగానూ నక్షత్రాలు నల్లగానూ ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. ఎంత సంబరపడ్డానంటే, ఆ సాయంత్రం మా ఆయన తెచ్చిన మల్లెపూల పొట్లం విప్పడం కూడా మరిచిపోయాను. పొద్దున చూస్తే కిటికీలో వాడి ఉన్నాయి. వాడినవే పెట్టుకున్నాను.

నేను బందరులో బి.ఎస్సీ. చదివాను, ఫిజిక్స్. యాభై ఆరు ఫిబ్రవరిలో పెళ్లయి మద్రాసుకి, వాషర్‌మెన్‌పేటలోని ఈ ఇంటికి వచ్చాను. ఇంట్లో నాతో కలిపి నలుగురం. మా ఆయన వెంకటకృష్ణ కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్. మామగారు భాష్యం అదే పాఠం ముప్పై ఏళ్లు చెప్పి రిటైరయ్యారు. నాలుగో మనిషి మామగారి అక్క, వరదలక్ష్మి. పదిహేనో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచి యాభై ఏళ్లుగా ఈ ఇంటి వంటిల్లు ఆమెదే. అత్తగారు ఎప్పుడో పోయారు. మా ఆయన ఆమెను అత్తా అంటారు కాబట్టి నేనూ అత్తా అనే పిలిచాను.

ఆ రెండు నెలలూ నాకు ప్రతిదీ పండగే. వీధి మలుపులో కాఫీ గింజలు వేయించే కొట్టు ఉంది. తొమ్మిదింటికి ఆ వాసన మా వాకిట్లోకి వస్తుంది, నేను పని మానేసి నిలబడేదాన్ని. ఒక ఆదివారం ఎలక్ట్రిక్ రైలెక్కి కోడంబాక్కం వెళ్లాం. స్టూడియో గేటు బయట ఒక మహారాజు కిరీటం చంకలో పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. దారి పొడుగునా అదే తలుచుకుని నవ్వుకున్నాం. ఇక వీళ్ల తెలుగు. నూరేళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లు కదా, మాటకి రెండు అరవ ముక్కలు, అవుననడానికి 'ఆమా', నొక్కి చెప్పడానికి 'దా'. నేను 'అక్కడ' అంటే అత్త 'ఆడ' అని దిద్దేది.

"మీ బందరు తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టు ఉండాది అమ్మణ్ణీ. మాకు అర్థమయ్యేటట్టు ఒకటి చెప్పు" అనేది.

కానీ ఆ ఇంటి నడిమి గదిలో మామగారు మంచం మీద ఉన్నారు. చక్కెర జబ్బు. కిందటి ఏడు కళ్లు పోయాయి. వెలుగు ఎటుందో, నీడ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఇప్పుడు ఎడమ పాదం. రెండు వేళ్లు నల్లబడి, ఆ నలుపు మడమ దాకా పాకింది. ఆ వాసన తెలియకుండా నేను పూటపూటా సాంబ్రాణి వేసేదాన్ని. సోమవారం ఆస్పత్రిలో మోకాలి కింద తీసేస్తామన్నారు. గుండె కూడా బాగాలేదు, మత్తు తట్టుకుంటాడో లేదో సగానికి సగం అని డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి చెప్పాడు. మామగారు అదే ప్రశ్న నేరుగా అడిగి, అదే జవాబు చెప్పించుకున్నారు.

ఆయనకు ఆ సోమవారం మీద కంటే అంతకు ముందు శనివారం మీదే ధ్యాస. పలకలు ఆయనవి కావు. దక్షిణాఫ్రికాలోని ఒక వేధశాల వాళ్లు మూడేళ్లకని నకళ్లు తీసి పంపినవి. గడువు తీరింది. శనివారం పెట్టెలో పెట్టి హార్బరుకు పంపాలి. వాటితోపాటు ఆయన వ్యాసం వెళ్లాలి. ముప్పై ఏళ్లు ఇతరుల శాస్త్రం పాఠం చెప్పిన మనిషి సొంతంగా రాసిన ఒకే ఒక్క వ్యాసం.

"ఆ కవరు ఓడెక్కితే చాలు. సోమవారం కాలు తీసుకొంటారో, ఆళ్ళిష్టం" అన్నారు.

వ్యాసం మా ఆయన టైపు చేశారు. కూడికలు సరిచూసే పని నాకిచ్చారు. ఇచ్చేముందు మంచం పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు.

"కుముదినీ, మూడింటికి బడి వదిలితే మన వీధిలో పిల్లకాయలు యాడ ఉంటారు?"

"ఐసు బండి దగ్గర మామయ్యా."

"అందురూ ఆడనే. ఎవుడన్నా మిద్దె మీదనించి పిల్లకాయల్ని మాత్రం ఫోటో తీసినాడనుకో. ఈ వీధి ఏ ఆకారమంటాడు?"

"ఐసు బండి ఆకారం."

ఆయన నవ్వారు. "ఆమా. మరి ముసలోళ్ళు? వాకిటి తిన్నెకొకరు. వీధి ఈ కొసనించి ఆ కొసదాకా. వాళ్ళను లెక్కేస్తే దా వీధి ఎంత పొడుగో తెలిసేది."

నక్షత్రాలూ అంతేనట. కొత్తగా పుట్టినవి నీలంగా మండుతూ, పుట్టిన చోటనే గుంపులుగా ఉంటాయి. ముసలివి ఎర్రగా, మసకగా, కోట్ల ఏళ్లలో మెల్లగా దూరం జరిగి చెదిరిపోయి ఉంటాయి. అందుకే ఒక పలక నీలం వెలుగుకి, ఒక పలక ఎరుపు వెలుగుకి. మన పాలపుంత పక్కన నిలబెడితే మరుగుజ్జు అనిపించే ఈ చిన్న గెలాక్సీ అసలు ఆకారం తెలియాలంటే, రెండు పలకల్లోనూ చుక్కలు లెక్కించి పక్కపక్కన పెట్టి చూడాలి.

నీలం పలకలో అది వంగిన కొడవలి. బయటి దేశాల వాళ్లు ఇలాంటివి చూసినప్పుడు లోపల లేత నక్షత్రాలు ఏ వంకరలో ఉన్నా, వాటి చుట్టూ ముసలి నక్షత్రాలు పెద్ద గుండ్రటి దుప్పటిలా పరుచుకుని కనిపించాయట. మామగారి లెక్కలో మాత్రం దుప్పటి లేదు. ఎర్రవీ ఆ కొడవలిలోనే ఉన్నాయి. అంచులన్నీ సున్నాలు.

"మన గెలాక్సీలో ముసలోళ్ళు కూడా ఐసు బండి కాడనే ఉండారు" అన్నారు. ఆ హాస్యం ఆయనకు ఎంతో ఇష్టం. వ్యాసం చెప్పేది కూడా అదే. ఈ గెలాక్సీలో ముసలివి కూడా చెదిరిపోలేదు, దీని ఆకారం మొదటినుంచీ కొడవలే, మిగతావాళ్ల నియమం దీనికి వర్తించదు.

లెక్కించిన పద్ధతి నాకు భలే నచ్చింది. పలక మీద సన్నటి గీతలతో నిలువు నలభై, అడ్డం నలభై గడులు. మధ్యలో అడ్డం వచ్చే మన సొంత పాలపుంత నక్షత్రాలకు ముందే ఎర్రసిరాతో చుట్టి పెట్టారు, వాటిని వదిలేయాలి. మామగారు భూతద్దానికి కన్ను ఆనించి గడిలో చుక్క కనబడ్డప్పుడల్లా బల్ల మీద ఉంగరం వేలితో ఒక దెబ్బ కొట్టేవారు. నోటితో అంకె చెబితే చూపు తప్పుతుంది కాబట్టి దెబ్బే. పక్కన నేల మీద అత్త చేట పెట్టుకుని, దెబ్బకొక చింతగింజ వేసేది. గడి అయిపోగానే ఆయన "ఊఁ" అనేవారు. ఆమె గింజలు లెక్కపెట్టి, చిన్నప్పుడు బలపంతో నేర్చుకున్న గుండ్రటి అంకెలతో పుస్తకంలో రాసేది. రెండు పలకలు, మూడు వేల రెండు వందల గడులు, రెండేళ్ల పైన. ఆయన చూపు అంతవరకే ఆగింది.

బుధవారం మధ్యాహ్నానికి కూడికలన్నీ అయ్యాయి. ఒక్క తప్పూ లేదు. అత్త అంకెలు ముగ్గు చుక్కల్లా ఉన్నాయి. పని అయిపోయిందని దిగులేసి, ఊరికే ముచ్చటకి ఎర్రపలకను కిటికీలో నిలబెట్టి ఒక గడి నేనూ లెక్కించాను. ఏడు. పుస్తకంలో ఆరు. నాకు లెక్కించడం చేతకాలేదని నవ్వుకుని పక్క గడి చూశాను. మూడు. పుస్తకంలో రెండు. సున్నా ఉన్న గడి ఒకటి చూశాను, దక్షిణపు అంచులో. మధ్యలో ఒక చుక్క. దుమ్మేమోనని ఊదాను. పోలేదు. కొంగుతో తుడిచాను. పోలేదు. ఇంకో సున్నా. ఒక చుక్క. ఆ వరసలో ఎనిమిది సున్నాలు చూస్తే ఐదింటిలో ఒక్కో నక్షత్రం ఉంది.

నీలం పలక తీశాను. కొడవలి నడుమ ఒక గడి. నేను నలభై ఒకటి, పుస్తకం నలభై. అంచుల్లో సున్నాలు మాత్రం నిజంగానే ఖాళీ.

కళ్ల పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ప్రతిసారీ సరిగ్గా ఒకటే తక్కువంటే అది కళ్ల పని కాదు, చేతి పని.

వంటింట్లో అత్త సాయంత్రానికి బియ్యం తీస్తోంది. రోజూ చూసేదే. మొదటి పిడికెడు గూట్లో ఉన్న ఇత్తడి చెంబులో పోస్తుంది, ఏడుకొండలవాడికి, ఆమె మాటలో పెరుమాళ్లకి. తరువాతే ఒకటి అని మొదలుపెట్టి సోలతో కొలుస్తుంది. చెంబు నిండితే ఏడాదికోసారి తిరుమలకు పంపిస్తారు. ఆ అలవాటు నాకు ఎంత నచ్చిందంటే బందరుకు ఉత్తరంలో కూడా రాశాను.

"అత్తా, ఒక ఆట ఆడదాం. నేను కొడతాను, మీరు గింజలు వేయండి" అన్నాను.

"ఈ వయసులో నాకు ఆటలేంది" అంటూనే చేట తీసింది.

గడప మీద ఐదు దెబ్బలు కొట్టి "ఊఁ" అన్నాను. ఆమె వేలు మొదటి గింజను చేట పైమూలకు తోసింది. మిగిలినవి లెక్కపెట్టింది.

"నాలుగు."

"ఐదు కొట్టాను అత్తా."

"మొదటిది పెరుమాళ్ళది గదమ్మా."

చేటలో గింజలన్నీ తీసేశాను. తరువాత ఒకటే దెబ్బ కొట్టాను. ఆ గింజ పైమూలకు వెళ్లింది. చేటలో ఏమీ మిగల్లేదు.

"సున్నా" అంది అత్త.

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఏమి లెక్కేసినా అంతే. వడియాలు, చాకలికేసే గుడ్డలు, ఏమైనా. ఆయప్పది మనం ఎట్ల లెక్కేసుకొనేది?"

"మామయ్యకు తెలుసా?"

"తెలీకేమి? వాడి ముందర దా మాయమ్మ బియ్యం కొలిచేది."

తెలియదు. ఆయన కన్ను ఎప్పుడూ భూతద్దంలోనే ఉండేది. పక్కన నేల మీద ఆ వేలు ఏం చేస్తోందో రెండేళ్లలో ఒక్కసారీ చూడలేదు. నలభై చుక్కలున్న గడిలో ఒకటి పోతే ఎవరికీ తెలియదు. ఒంటి చుక్క ఉన్న గడి మొత్తమే పోతుంది. లేతవి గుంపుగా ఉన్నాయి కాబట్టి మిగిలాయి. దూరంగా ఒక్కొక్కటిగా ఉన్న ముసలివన్నీ పెరుమాళ్ల దగ్గరకు వెళ్లాయి.

సాయంత్రం మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తూ మా ఆయనతో చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పంచెను మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు.

"ప్రతి గడికీ ఒకటి కలిపేస్తే సరిపోదా?"

"సున్నాలకో? కొన్ని నిజంగా సున్నా, కొన్ని ఒకటి. ఎర్రపలకలో పదకొండు వందల సున్నాలున్నాయి. ఏది ఏదో చూస్తేనే తెలిసేది."

"అయితే సోమవారం దాకా నోరు మూసుకొనుండు కుముదా."

"కవరు శనివారం వెళ్తుందండీ."

"పోనీ. ఆడెవడో నవ్వుకొంటాడు. నవ్వుకోనీ. మా నాయన ఆపరేషన్ బల్ల మీద పడుకొనేటప్పుడు ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా."

"తప్పు ఉన్నా?"

ఆయన నా వెనక్కి చూస్తున్నారు. తిరిగి చూస్తే మెట్ల మీద అత్త, వడియాల గుడ్డ తీసుకుపోవడానికి వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"ఎన్ని గడులురా?" అంది మా ఆయనతో.

"ఎర్రదాన్లో పదహారు వందలు అత్తా."

ఆమె వడియాల గుడ్డ పక్కన కూర్చుంది. ఎండినవి ఒక్కొక్కటీ ఊడదీయసాగింది.

"ఆకాశమంతా ఆయప్పదే గదా. మళ్ళీ నేను ఎత్తి ఇచ్చేదేంది" అంది చివరికి. తరువాత నావైపు తిరిగి, "శనివారం లోపల ఎంత చూడగలవు?"

"నాలుగో వంతు. దక్షిణపు మూల."

"రేపు పొద్దున్నే కూర్చుందాం. వాడికి చెప్పాల్సింది నేను దా. మీరిద్దురూ చెప్పబాకండి. లెక్క చేతికి వచ్చినాక చెప్తా."

గురువారం, శుక్రవారం ముందుగదిలో కూర్చున్నాం. నేను భూతద్దం దగ్గర, ఆమె కింద చేటతో. సరిచూస్తున్నామని మామగారితో అన్నాం, అది అబద్ధం కాదు. దెబ్బ. గింజ. ఊఁ. మొదటి గింజ పడ్డప్పుడల్లా ఆమె చూపుడు వేలు దాన్ని పైకి తోయడానికి లేచేది. గాలిలో ఆగేది. మూడు గంటలు గడిచాక ఆమె ఆ వేలికి గుడ్డపీలిక కట్టుకుంది, దెబ్బ తగిలినట్టు.

ఆ రెండు రోజులూ నేను సంతోషంగా ఉన్నానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ ఉన్నాను. ఖాళీ అనుకున్న గడిలో ఒక మూల, గీతకు ఆనుకుని, ఒక ముసలి నక్షత్రం దొరికినప్పుడల్లా నా వేలు దానంతట అదే బల్ల మీద పడేది. నడిమి గదిలోంచి పుండు వాసన వచ్చేది. బయట ఐసు బండి గంట మోగేది. నేను ఇంకో చుక్క కోసం ఆశపడేదాన్ని.

శుక్రవారం నాలుగింటికి మామగారు పిలిచారు.

"కుముదినీ. ఇప్పుడు కొట్టినావే, అది ఏ వరస?"

"ముప్పై ఆరు మామయ్యా. దక్షిణం అంచు."

"ఒకటే దెబ్బ."

"అవును."

"దానికి ముందుదీ ఒకటే దెబ్బ. పొద్దున్నించి వింటా ఉండా. దెబ్బ లేకుండా ఊఁ అనేది కొంచెమే. ఒక్క దెబ్బవి దా శానా." ఆయన ముఖం కిటికీ వెలుగువైపు తిప్పారు. "ఆడ నేనూ కొట్టినా. నాకు గ్యాపకం ఉండాది. పోయిన ఏడు వెంకటకృష్ణ పటం చదివి వినిపించినాడు, అంచులన్నీ సున్నా అని. ఆ పొద్దే అనుకొన్నా, కొట్టినట్టు ఉండాదే అని. అప్పటికి కళ్ళు పోతా ఉండాయి. లేని చుక్కలు చూసినానేమో అనుకొన్నా. నా కన్ను అబద్ధమాడినా పుస్తకం ఆడదు గదా అనుకొన్నా."

నేను నోరు తెరిచేలోగా అత్త గుమ్మంలోకి వచ్చింది, చేట చేతిలోనే ఉంది.

"పుస్తకం రాసింది నేను భాష్యం. ప్రతి గడిలో మొదటి గింజ పెరుమాళ్ళకు తీసినా. నీకు తెలుసు అనుకొన్నా."

ఆయనకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. లెక్క తెలిసిన మనిషి. పెదవులు కదిలాయి, ఒక చిన్న గడి, ఒక పెద్ద గడి మనసులోనే వేసి చూసుకున్నట్టు. తరువాత కదలడం మానేశాయి.

"యాభై ఏండ్లు" అన్నారు. "యాభై ఏండ్లు నీకు ఈ ఇంట్లో కూడు పెట్టినాం. నేను నీ దగ్గర అడిగింది ఒక్కటే పని. ఒకటి, రెండు అని లెక్కేసేది. గొడ్డుకు నేర్పినా చేసుండును."

"నాయనా" అన్నారు మా ఆయన. అప్పుడే కాలేజీ నుంచి వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు, చేతిలో పూలపొట్లం.

"ఆమెను నా ముందర నిలబడొద్దను."

అత్త వెళ్లింది. వెళ్లేముందు చేటలో ఉన్న ఒక్క గింజను నా అరచేతిలో పెట్టింది. "ముప్పై ఆరో వరస. రాసుకో" అంది.

మామగారు పైకప్పుకేసి తిరిగి పడుకున్నారు. తరువాత లెక్కలు చదవమన్నారు. నేను చదివాను, గడి తరువాత గడి. మూడు వందల తొంభై గడులు. ఆయన మంచం దుప్పటి మీద వేలితో గీసుకుంటూ పోయారు. దగ్గర వరసల్లో ఏడు, ఎనిమిది. తరువాత నాలుగు, మూడు. తరువాత రెండు. తరువాత ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి. ఎటువైపు పోయినా అదే దూరంలో తగ్గుతూ, అదే దూరంలో ఆగిపోతూ. దుప్పటి మీద ఆయన వేలు పావు చుట్టు తిరిగి నిలిచింది.

"గుండ్రమా?"

"గుండ్రమే మామయ్యా. కొడవలి మధ్యలో ఎక్కడో చిన్నగా ఉంది. ఇది దానికంటే మూడింతలు వెడల్పు."

"అయితే ముసలోళ్ళు తిన్నెల మీదనే ఉండారు."

"ఉన్నారు."

"చెదిరినా కనబడతానే ఉండినారు, నేను కొడతానే ఉండినా." ఆయన కళ్లు మూసుకున్నారు. ఆయనకు మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకున్నారు. "వెంకటకృష్ణా, ఆ వ్యాసం చించెయ్. ఒక కాగితం టైపు చెయ్. మద్రాసులో చేసిన లెక్క మూడు వంతులు నమ్మదగింది కాదు, తీసేసుకొంటా ఉండాం. ఒక వంతు తిరిగి చూసినాం, పాత లెక్కతో కూడా జత చేసినాం. అంతే. ఎందుకు తప్పయిందో రాయబాక."

మా ఆయన ఇరవై రెండు పేజీల వ్యాసాన్ని ఆయనకు వినబడేటట్టు చించారు. ఆయన చివరిదాకా విన్నారు.

శనివారం పొద్దున మిగిలిన పది గడులూ ముగించాను. పెట్టెలు చేసే చిన్నతంబి వచ్చాడు. పలకలను దూది మధ్య, ఆపైన పొట్టు మధ్య పెట్టి మూత వేసి వాకిట్లో మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా కొట్టమని మా ఆయన పక్కనే నిలబడ్డారు.

"అద్దమని తెలుసు సార్. మా ఆవిడ గాజులకంటే పదిలంగా కొట్టుతా" అన్నాడు చిన్నతంబి.

లోపల మంచం మీద మామగారి ఉంగరం వేలు దుప్పటి మీద పడి లేస్తోంది. మేకుకొక్కటి అనుకుంటాను, దెబ్బకొక్కటి కాదు. నిన్న సాయంత్రం నుంచి ఆయన అక్కతో మాట్లాడలేదు. ఆమె ఆ గదిలోకి రాలేదు. అన్నం నేనే తినిపించాను.

సుత్తి ఆగింది.

"ఎన్ని?" అన్నారు మామగారు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

"పద్దెనిమిది" అంది అత్త, వంటింటి గుమ్మం అవతలినుంచి.

"మొదటిది చేర్చినావా?"

"చేర్చినా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాట అది.

సోమవారం కాలు తీశారు. ఆయన మత్తులోంచి బయటికి రాలేదు. బుధవారం మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు. అప్పుడు బడి వదిలే వేళ. శవం దింపుతుంటే ఐసు బండి చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కసారి వెనక్కి జరిగారు. తిన్నెల మీది ముసలివాళ్లు లేచి నిలబడ్డారు, వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా. నేను ఆ పూట కూడా అది చూశాను. చూసి ఆయనకు చెప్పాలనుకున్నాను.

ఆగస్టులో వేధశాల నుంచి ఉత్తరం వచ్చింది. పలకలు క్షేమంగా చేరాయి. తిరిగి చూసిన నాలుగో వంతు లెక్క వాళ్లు కొత్తగా తీసిన పలకతో సరిపోయింది. వాళ్ల వ్యాసంలో అడుగున ఒక వాక్యంలో మద్రాసు భాష్యంగారి పేరు వేస్తారట. చివర ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి ఒక సంగతి అడిగాడు. పాత లెక్కను తమ పలకతో పోల్చి చూశామనీ, నక్షత్రం ఉన్న ప్రతి గడిలోనూ సరిగ్గా ఒక్కటే తగ్గిందనీ, తన జీవితంలో అలాంటి పొరపాటు చూడలేదనీ, అది ఎలా జరిగిందో వీలైతే తెలపమనీ.

మా ఆయన చదివి ఉత్తరం ఒళ్లో పెట్టుకున్నారు. అత్త గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"ఏమంటాడు?"

చెప్పారు.

"రాయి. ఆ ఇంట్లో ఒక ముసలిది ఉండిందని రాయి" అంది.

ఆయన ఇంకా రాయలేదు. కాగితం బల్ల మీదే ఉంది. నేను రోజూ దాని మీద దుమ్ము తుడుస్తాను.

అత్త అప్పటినుంచి బియ్యం ముట్టదు. పెట్టింది తింటుంది, అడిగితే మాట్లాడుతుంది, బందరు తెలుగును వెక్కిరించదు. నేనే కొలుస్తాను. ఇత్తడి చెంబు గూట్లోనే ఉంది, సగం వరకు నిండి. బస్తాలో చెయ్యి పెట్టి మొదటి పిడికెడు తీసినప్పుడు నా చెయ్యి గూటికీ గిన్నెకీ మధ్య ఒక్క క్షణం ఆగుతుంది. రోజూ ఆగుతుంది. గడప మీద కూర్చున్న ఆమె తలెత్తి చూడదు.

"ఒకటి" అంటుంది.